పెద్ద బండి పోయి చిన్న బండి వచ్చిన రోజు

మా ఈశ్వరి అత్తకి కారుందని గాజువాకలో అందరికీ తెలుసు. ఆమె ఆ కారులో కూర్చోగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. విదేశీ కంపెనీవాళ్ల నల్లటి ఎస్‌యూవీ అది. మనిషి ఛాతీ దాకా వచ్చే బానెట్, లోపల మీగడ రంగు తోలు సీట్లు, నల్లటి అద్దాలు, ఎక్కడానికి పక్కన ఒక మెట్టు. ఆ మెట్టు కూడా అందనంత పొట్టి మా అత్త. అందుకని డిక్కీలో ఒక ప్లాస్టిక్ స్టూలు ఉండేది. పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు డ్రైవరు సింహాద్రి ముందు దిగి, స్టూలు తీసి తలుపు దగ్గర వేసేవాడు. అత్త ఒక చేత్తో పట్టుచీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని, బావిలోకి దిగుతున్నంత జాగ్రత్తగా దిగేది.

ఆ కారు జగ్గారావు మావయ్య ముచ్చట. ఓడల్లో వచ్చిన సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించి లారీలకెక్కించడం ఆయన వ్యాపారం. పోర్టు పక్కన చిన్న ఆఫీసుంది. స్కూటరు దిగి ఏకంగా ఈ కారెక్కాడు, అది కూడా ఒక హోటలు యజమాని వాడి వదిలేసినది కొని. మధ్యలో డ్రైవింగ్ నేర్చుకోవడం అనే దశ ఆయన జీవితంలో రాలేదు. స్టీరింగ్ పట్టుకోవడం జీతగాళ్ల పని అనేవాడు. వెనక సీటులో కూర్చుని ఫోను మాట్లాడుకుంటూ పోర్టు గేటు దాటడమే ఆయనకి కారంటే.

మేమున్న సందులోకి ఆ కారు రాదు. మెయిన్ రోడ్డు మీద మూతపడిన సిమెంటు కొట్టు ముందు దాని నివాసం. తెల్లారేసరికి దాని మీద నల్లటి దుమ్ము పేరుకునేది, సింహాద్రి తుడిచేవాడు, మర్నాటికి మళ్లీ పేరుకునేది.

అత్త పుట్టింది పద్మనాభంలో, వరి పండించే ఇంట్లో. పెళ్లయి గాజువాక వచ్చింది. పిల్లలు చదువులకి వెళ్లిపోయాక ఊరికే కూర్చోలేక ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ పెట్టింది. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు కవర్లలో కూరలు కట్టించుకుని పోతారు. ఆమె చేపల పులుసు మధ్యాహ్నం దాకా మిగలదు. ఆ చేపల కోసం తెల్లారగట్లే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తుంది. షేర్ ఆటోలు మారి, ఒళ్లో చేపల టబ్బు పెట్టుకుని, పక్కవాళ్ల విసుగు భరిస్తూ తిరిగి వస్తుంది. కారు మాత్రం సిమెంటు కొట్టు ముందే ఉంటుంది. తోలు సీట్ల దగ్గరికి చేప వాసన రాకూడదని మావయ్య కట్టడి.

నేను యూనివర్సిటీలో చదువుకోవడానికి వాళ్లింటికి చేరిన ఏడాదే అత్త డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మధ్యాహ్నం కొట్టు కట్టేశాక ఎల్ బోర్డు తగిలించిన చిన్న కారులో ఆటోనగర్ రోడ్ల మీద తిరిగేది. మావయ్య నవ్వాడు. "నేర్సుకో. ఊసుపోద్ది," అన్నాడు. అత్త నిజంగానే నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన వారం పెద్ద కారు మీద చెయ్యి వేస్తానంది. ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లారు. సీటు మీద రెండు దిండ్లు వేసుకుని కూర్చున్నా ఆమెకి బానెట్ అవతల నేల కనిపించలేదు. పక్కన కూర్చున్న మావయ్య ఆపమని ఒకటే గోల. ఆమె ఆపేసి, స్టూలు కోసం చూడకుండానే దూకేసి, నాతో అంది: "ఇది నడపడం కాదే అమ్మలూ. మేడ మీద కూకుని ఇంటిని ఈదిలోకి తోసినట్టుంది." మళ్లీ దాని జోలికి పోలేదు.

పెద్ద కారుకి కాలం చెల్లింది సబ్బవరంలో. మావయ్యతో వ్యాపారం చేసే ఒకాయన కూతురి పెళ్లి అక్కడ కొత్త లేఅవుట్‌లో. పందిరి రోడ్డుకి అడ్డంగా వేశారు. చిన్న కార్లన్నీ పక్క సందులోంచి పందిరి గుమ్మం దాకా వెళ్తున్నాయి. మాది ఆ మలుపు తిరగలేదు. సింహాద్రి ముందుకీ వెనక్కీ చాలాసేపు కుస్తీ పట్టి, ఒక కందిచేను గట్టున ఆపేశాడు. అంతకు ముందురోజే వాన పడింది. మావయ్య తెల్ల పంచె మోకాళ్ల దాకా ఎత్తుకుని బురదలో నడిచి పందిట్లోకి వచ్చాడు. ఆయన కారు దిగడం ఎవరూ చూడలేదు. పైగా పెళ్లికొడుకు తరఫువాళ్లలో ఒక పెద్దాయన, బస్సు దిగి నడిచొచ్చారా అని మర్యాదగా అడిగాడు.

తిరుగు దారిలో మావయ్య ఫోను మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక, "ఎవరూ చూడనప్పుడు ఇంత బండెందుకు?" అన్నాడు.

ఆ మాట కోసమే అత్త ఎదురుచూస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. ఎందుకంటే మర్నాడే ఓల్డ్ టౌన్ నుంచి పాత కార్ల వ్యాపారి అబ్దుల్ వహాబ్ వచ్చాడు. ఆయన ఫోన్ నంబరు ఆమె దగ్గర ఎప్పటినుంచి ఉందో ఎవరూ అడగలేదు. వహాబ్ భాయ్ కారు చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, తలుపు సందుల్లో వేలు పెట్టి చూసి, మీటరు చూసి నవ్వాడు.

"జగ్గారావుగారూ, మీరు దీన్ని తోలింది తక్కువ, తుడిసింది ఎక్కువ."

మావయ్యకి కోపం వచ్చింది గానీ బేరం కుదిరింది. కారు సిమెంటు కొట్టు ముందు నుంచి కదిలి వెళ్లిపోతుంటే ఆయన కాసేపు ఆ ఖాళీ స్థలంలో నిలబడ్డాడు. నేల మీద దాని ఆకారంలో దుమ్ము లేని నలుచదరం మిగిలింది.

కొత్త బండిని అత్తే ఎంచింది. అది కూడా ఎస్‌యూవీయే, కాకపోతే పొట్టిది. షోరూములో తలుపు తీసి, స్టూలు లేకుండా సీటులోకి జారి కూర్చుని, ముందుకి చూసి, "నేల కనపడతంది," అంది. మావయ్య డిక్కీ తెరిచి చూశాడు, సీట్లు నొక్కి చూశాడు, వెనక సీటులో కూర్చుని మోకాళ్లకి ఎంత చోటుందో చూశాడు. రంగు మాత్రం తనకి నచ్చిందే కావాలన్నాడు. ఎర్రది. చిన్నదైనా కనపడాలి కదా అని ఆయన లెక్క.

ఆయన బెంగల్లా జనం ఏమంటారనే. వ్యాపారం దెబ్బతిందనుకుంటారేమో. అందుకని జవాబులు తయారు చేసుకున్నాడు. పెట్రోలు ధర అనాలి, పార్కింగ్ అనాలి, పర్యావరణం అనాలి. ఇంట్లో మా మీద ప్రయోగించి చూసుకునేవాడు. పర్యావరణం అన్నప్పుడు ఆయన మొహం చూసి అత్త వంటింట్లోకి వెళ్లిపోయేది, నవ్వుకోవడానికి.

కానీ ఆమె నవ్వు రెండు రోజులకే ఆగింది. సింహాద్రి సబ్బవరంలో ఒక స్కూలు బస్సు మీద చేరిపోయాడు. వాడి ఇల్లు అక్కడే, వాడికది సుఖం. ఆదివారాలు ఖాళీయే, వస్తానన్నాడు. మావయ్య వెంటనే ఏర్పాటు చేసేశాడు. ఆదివారం సింహాద్రి వస్తాడు, బండి తీస్తాడు, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లొస్తాం.

"మరి మిగతా రోజులో?" అంది అత్త.

"కవర్ కప్పి ఉంచుదాం. కొత్త బండి కదా."

"నాకు లైసెన్సుంది కదండి."

"ఆటోనగర్ రోడ్డు మీద తోలినంత తేలిగ్గాదు ఈశ్వరీ. హైవే అది. లారీలు." ఆయన గొంతులో ఎగతాళి లేదు, భయం ఉంది. అదే కష్టమైంది. ఎగతాళి అయితే అత్త దెబ్బలాడేది.

ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ నాతో మెల్లగా అంది: "ఈ బండి ఇప్పుడు నా సేతికి రాపోతే ఇంకెప్పుడూ రాదు అమ్మలూ. అలవాటైపోద్ది ఆయనకి." కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగలేదు. ఉల్లిపాయల వల్లో ఏమో, కళ్లు మాత్రం తుడుచుకుంది.

పూజ ఆదివారం. మావయ్య సింహాద్రికి ఫోను చేసి, పొద్దున్నే బండి పూజ ఉంది, నేరుగా గుడి దగ్గరికి వచ్చేయమన్నాడు. వాడు సరేనన్నాడు. మేము ఆటోలో ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్లాం. అత్త కొత్త నూలుచీర కట్టుకుంది. చీర కింద తెల్లటి కాన్వాస్ బూట్లు. మావయ్య చూశాడు.

"గుళ్లోకి బూట్లేటి?"

"బయటే కదండి ఇప్పేది," అంది, అటు తిరిగి.

నగరంలో కొత్త బండి కొన్నవాళ్లందరూ ఆ పొద్దున అక్కడే ఉన్నట్టున్నారు. స్కూటర్లు, ఆటోలు, ఒక సిమెంటు లారీ, రోడ్డు పొడవునా పూలదండలు వేసుకుని వరసగా నిలబడ్డాయి. షోరూము అబ్బాయి మా ఎర్ర బండిని వరసలో పెట్టి, మావయ్య చేతికి తాళం ఇచ్చాడు. ఇంటిదాకా తెచ్చివ్వమంటారా అని అడిగాడు. మా డ్రైవరు వస్తున్నాడు, మీరు వెళ్లండి అని మావయ్య దర్జాగా చెప్పాడు. ఆ అబ్బాయి ఒక స్నేహితుడి బైకెక్కి మాయమయ్యాడు.

పూజారి పసుపుతో స్వస్తిక్ వేశాడు, బొట్లు పెట్టాడు, హారతి తిప్పి గుమ్మడికాయ కొట్టాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ఇంక బండి తీయండి అన్నాడు. నిమ్మకాయలు తొక్కించి ముందుకి వెళ్లిపోవాలి. వెనక వరస చాలా పొడవుంది.

సింహాద్రి లేడు.

మావయ్య ఫోను స్పీకరులో పెట్టాడు.

"ఎక్కడున్నావ్రా?"

"గుడికాడే ఉన్నాను బాబు."

"మాకు అవపడవేటి?"

"తొలిపావంచా కాడ నిల్సున్నాను. కొబ్బరికాయ కూడా కొనీసాను. మీరెక్కడున్నారు?"

మావయ్య ఫోను పెట్టేశాడు. తొలిపావంచా అంటే సింహాచలం కొండెక్కే మెట్ల మొదలు. ఊళ్లవాళ్లు కొత్త బండి కొంటే అక్కడికే తీసుకెళ్లి అప్పన్నకి చూపించుకుంటారు. నగరంవాళ్లు ఆసీల్‌మెట్ట వస్తారు. బండి పూజ అనగానే సబ్బవరం మనిషికి ఆ గుడే తోచింది, ఇన్నేళ్లుగా పోర్టు పక్కన మసలిన మావయ్యకి ఈ గుడే తోచింది. ఏ గుడి అని చెప్పాలని ఈయనకి అనిపించలేదు, అడగాలని వాడికి అనిపించలేదు.

వెనక హారన్లు మొదలయ్యాయి. మా వెనకున్న బండి తెల్లటి పెద్ద ఎస్‌యూవీ. అందులోంచి దిగినాయన్ని చూసి మావయ్య భుజాలు కుంగాయి. నరసింహమూర్తి. ఆయనదీ పోర్టు దగ్గర ఇదే వ్యాపారం, పక్క ఆఫీసే. ఆ తెల్ల బండి ఆయన కొత్తగా కొన్నది.

"ఏటి బావా," అన్నాడు నరసింహమూర్తి, మా బండి చుట్టూ తిరుగుతూ, "ఉతికితే కుంచించుకుపోనాదేటి నీ బండి?"

తయారు చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ మావయ్య నోటికి రాలేదు. పర్యావరణం కూడా రాలేదు.

"డ్రైవర్ లేడా? దానికేటి, మావోడున్నాడు. నిమ్మకాయలు తొక్కించి పక్కన పెడతాడు." నరసింహమూర్తి తన డ్రైవర్ని పిలిచాడు. ఆ మనిషి వచ్చి చెయ్యి చాపాడు. మావయ్య తాళం ఉన్న చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ముందుకి వెళ్తుంటే నేను అత్త వైపు చూశాను. ఆమె బూట్ల తాళ్లు బిగించుకుని నిలబడింది.

"ఏవండీ, తాళం ఇటియ్యండి."

"ఇప్పుడు కాదు ఈశ్వరీ."

"దేవుడి ముందు మన బండిని మొదటిసారి కదిపేది పరాయి మనిసేటండి?"

గొంతు పెంచలేదు. పూజారి తల ఊపాడు, అమ్మ చెప్పింది సబబే అన్నట్టు. సిమెంటు లారీ పెద్దగా హారన్ కొట్టింది. మావయ్య నరసింహమూర్తి డ్రైవరు చాచిన చేతినీ, అత్త చేతినీ చూశాడు. తాళం అత్త అరచేతిలో పెట్టాడు.

ఆమె ఎక్కింది. సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సవరించుకుంది, బెల్టు పెట్టుకుంది. బేగి కానీ అని మావయ్య పక్క సీటులోంచి గొణిగాడు. నేను వెనక ప్రసాదం సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బండి స్టార్టయింది, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక ఎవరో నవ్వారు. అత్త పెదాలు కదిలాయి. దేవుడి పేరు అనుకుంటున్నదేమో అనుకున్నాను గానీ, క్లచ్చి, గేరు, మెల్లగా, క్లచ్చి, గేరు, మెల్లగా అని డ్రైవింగ్ స్కూలు పాఠం అప్పజెప్పుకుంటోంది. రెండోసారి బండి కదిలింది. చక్రాల కింద నిమ్మకాయలు పటపట చిట్లాయి. కిటికీలోంచి నిమ్మ వాసన గుప్పున లోపలికి వచ్చింది. రోడ్డు మీద పడ్డాం.

"ఆ పక్కన ఆపీ," అన్నాడు మావయ్య. "ఆడొచ్చేదాకా ఉందాం."

"ఆదివారం పూట ఆడు ఇక్కడికి రావాలంటే ఎంతసేపో. ఆణ్ణి అక్కడే ఉండమనండి, మనమే సింహాచలం పోదాం. అప్పన్నకి సూపించినట్టూ ఉంటాది." మాట అవుతుండగానే మలుపు తిరిగిపోయింది.

గురుద్వారా దగ్గర హైవే ఎక్కాం. మావయ్య ఎడమచేత్తో తలుపు పిడి పట్టుకున్నాడు. కుడికాలితో లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నాడు. లారీ వస్తంది, బస్సొస్తంది, ఆటో వస్తంది అని వరసగా ప్రకటిస్తున్నాడు. అత్త చూపు రోడ్డు మీదే ఉంది. కంచరపాలెం దాటాక ఆగి ఉన్న బస్సుకీ నీళ్ల ట్యాంకరుకీ మధ్య సందు కనిపించింది. పెద్ద కారైతే సింహాద్రి ఫోను చూసుకుంటూ వెనక నిలబడేవాడు. అత్త రెండు పక్కల అద్దాలూ చూసుకుని, నెమ్మదిగా దూరి, అవతలికి తేలింది. వెనక సీటులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఎన్.ఎ.డి. ఫ్లైఓవర్ దగ్గర మావయ్య ఎడమకి వెళ్లమన్నాడు. అత్త కుడి వరస పట్టింది. ఇన్నేళ్లు ఆయన ఆ కూడలిని ఫోను మాట్లాడుతూ దాటాడు, ఆమె షేర్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని దాటింది. బండి గోపాలపట్నం వైపు సరిగ్గా దిగాక ఆయన ఇంక దారి చెప్పడం మానేశాడు.

గోపాలపట్నం సిగ్నల్ దగ్గర ఆగాం. టీ కొట్టు ముందు నిలబడ్డ ఒకాయన మా వైపు చూసి, గ్లాసు పట్టుకునే వచ్చేశాడు. పోర్టులో మావయ్యకి పాత పరిచయం.

"జగ్గారావు బావా, నువ్వేనా? ఇన్నాళ్లూ ఈ రోడ్డెంట నువ్వెళ్తావని ఇన్నాను గానీ సూడలేదెప్పుడూ. ఆ నల్లద్దాల ఎనక ఎవరున్నారో ఎవుడికి తెల్సు?" వంగి అత్తని చూశాడు. "సెల్లెమ్మే తోల్తంది."

"అవును," అన్నాడు మావయ్య. కాస్త ఆగి, "ఆసీల్‌మెట్ట నుంచి," అని కలిపాడు.

పచ్చ లైటు పడింది. మావయ్య కిటికీ అద్దం దింపే ఉంచాడు. మోచెయ్యి బయట పెట్టి కూర్చున్నాడు. ఆయన కాలు బ్రేకు తొక్కడం ఎప్పుడు మానిందో నేను గమనించలేదు.

తొలిపావంచా దగ్గర సింహాద్రి కొబ్బరికాయ పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. అత్త రోడ్డు వారగా బండి ఆపింది. వాడు ముందు చక్రాలు చూశాడు, వెనక చక్రాలు చూశాడు, రోడ్డు అంచుకీ టైరుకీ మధ్య పాదం పెట్టి దూరం చూశాడు. మెట్ల దగ్గర దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, కొండకేసి దణ్ణం పెట్టుకున్నాం. చేతులు తుడుచుకుంటూ వాడు అలవాటుగా కుడివైపు తలుపు దగ్గరికి నడిచాడు.

అత్త కదల్లేదు. తాళం ఆమె గుప్పిట్లో ఉంది. ఆమె వాడివైపు చూడటం లేదు, మావయ్య వైపు చూస్తోంది. ఇప్పుడు ఆయన ఒక్క మాటంటే ఆ తాళం ఆదివారాల్లోకి వెళ్లిపోతుంది. ఆదివారం, మళ్లీ ఆదివారం, మధ్యలో కవరు.

మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"సింహాద్రీ, నువ్వు ఎనకెక్కరా. అమ్మాయి పక్కన."

వాడు అర్థంకానట్టు చూశాడు. "మరి తోలేదెవరు బాబు?"

"ఇక్కడిదాకా ఎవరు తోలారో ఆవిడే."

అత్త వెళ్లి సీటులో కూర్చుంది. చెవుల దాకా ఎర్రబడిన ఆమె మొహం నాకు అద్దంలో కనిపించింది. బెల్టు పెట్టుకోవడానికి రెండుసార్లు తడబడింది.

గాజువాక వైపు తిరుగుతుందనుకున్నాం. ఆమె అడవివరం వైపు తిప్పింది. ఎటు అని మావయ్య అడిగితే, పద్మనాభం, సీతాలక్కకి బండి చూపించొద్దా అంది. సీతాలు ఆమె పెద్దక్క. ఒకవైపు కొండ, ఇంకోవైపు తోటలు, ఎదురుగా ఖాళీ రోడ్డు. బండి గేరు మారిన ప్రతిసారీ నేనూ కొంచెం ముందుకి వంగుతున్నాను. దారి పక్క వరి నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్లు నడుం ఎత్తి ఎర్ర బండిని చూశారు, తోలుతున్న మనిషిని చూశారు, ఒకళ్లనొకళ్లు పిలిచి చూపించుకున్నారు. అత్త హారన్ కొట్టింది, అవసరం లేకపోయినా.

సొంట్యాం దాటాక మావయ్య వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించాడు.

"ఈశ్వరీ, ఈడు నిద్దరోతన్నాడు."

నిజమే. పక్కవాళ్లు తోలుతుంటే రెప్ప వెయ్యడని పేరున్న సింహాద్రి, తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని పడుకున్నాడు. మలుపుల్లో కూడా లేవలేదు.

తర్వాత మావయ్య, ఏదో చిన్న విషయం అడుగుతున్నట్టు, అటు పొలాల వైపు చూస్తూ అడిగాడు.

"రేపు నన్ను ఆఫీసుకాడ దింపగలవా?"

"తొమ్మిదికల్లా రెడీగా ఉండండి," అంది అత్త. "లేటు సేస్తే ఎల్లిపోతాను."